ప్రింటు నొక్కితే ఫోను బిల్లు ఎందుకు పెరిగింది?



ఇది కొంచెం పొడుగు పోస్టు. ఆదివారం తీరిగ్గా చదవండి. తెలుగు అక్షరాలు చదవడం రానివాళ్ళకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి. చెవికి వింటే మన ఇంటి మాటే కదా.

పోయిన వారం మన కమిటీ గ్రూపులో ఒక మాట వచ్చింది. ఆఫీసుకు తీసుకున్న డేటా ప్యాకు నెలంతా రావాల్సింది, పది రోజులకే అయిపోతా ఉందని. దాని కింద ఒకరు రాసినారు: "ఆఫీసులో కూర్చునే పిల్ల వీడియోలు చూస్తా ఉందేమో, ఒక మాట అడగండి." ఆ మాటకు నలుగురు బొటనవేలు గుర్తు పెట్టినారు.

నేను ఏమీ రాయలేదు. రాయలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళకు ముందు, ఇదే సంఘంలో, ఇట్లాంటి మాటే ఇంకొక పిల్లవాడి మీద అన్నవాణ్ణి నేనే. ఆ కథ మీలో పెద్దవాళ్ళకు సగం తెలుసు. మిగతా సగం ఈ రోజు చెప్తాను. పేర్లు రాయను. మన ఊరు చిన్నది, వరుస చెప్తే చాలు, మనిషి తెలిసిపోతాడు.

2002లో మన ఆఫీసు తెన్‌కరైలో ఒక మిద్దె మీద ఉండేది. రెండు గదులు, ఒక ఫోను, ఒక ఇనుప బీరువా. నేను అప్పుడు సహాయ కార్యదర్శిని. పిల్లకాయల స్కాలర్‌షిప్పు ఫారాలు, పెండ్లి సంబంధాల పట్టిక, ఉగాది పిలుపులు, చందా రసీదులు, ఇవన్నీ అంతకుముందు బజారులో డబ్బులిచ్చి టైపు కొట్టించేవాళ్ళం. ఎంత కాలం ఇట్లా అని, చందాలు పోగేసి రెండు కంప్యూటర్లు కొన్నాం. మధురైలో ఒక అంగడిలో సెకండ్‌హ్యాండులో ఒక లేజర్ ప్రింటరు దొరికింది. దానికి నెట్‌వర్క్ కార్డు ఉండేది. మధ్యలో ఒక హబ్ పెట్టి, రెండు కంప్యూటర్లనూ ప్రింటరునూ తీగలతో దానికి కలిపితే, ఎవరు ఏ కంప్యూటర్ మీద కూర్చున్నా ప్రింటు తీసుకోవచ్చు. అది మాకు పెద్ద గొప్ప. వచ్చిన బంధువులందరికీ చూపించేవాళ్ళం.

రెండు కంప్యూటర్లలోనూ విండోస్ 98. దానికి తెలుగు రాదు. తెలుగు అక్షరాలు విండోస్‌లో సరిగ్గా కనబడింది విండోస్ ఎక్స్‌పీ వచ్చినాకే, గౌతమి అనే ఫాంటుతో. అందుకని ఉగాది పిలుపు తెలుగులో కావాలంటే వేరే ఫాంటు ఒకటి వేసుకుని, కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో కాగితం మీద రాసుకుని కొట్టేవాళ్ళం. కింద అదే సంగతి అరవంలో. ఒక పిలుపు సరిగ్గా రావడానికి పది తూర్లు ప్రింటు తీసి చూడాల్సి వచ్చేది. ఈ పది తూర్లు అనే మాట గుర్తు పెట్టుకోండి.

మొదటి కంప్యూటర్‌కు లోపల మోడెమ్ ఉండేది. ఇప్పటి పిల్లలకు మోడెమ్ అంటే చెప్పాల్సిందే. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే ఫోను చెయ్యడమే. కంప్యూటర్ మన ఇంటి ఫోను లైన్ మీద ఒక నంబరు తిప్పుతుంది, అవతల ఇంకొక కంప్యూటర్ ఎత్తుతుంది, రెండూ కీచుమని గోల చేసుకుని, గర్రుమని ఉమ్మేసుకుని, తర్వాత కలుస్తాయి. దీన్నే డయల్-అప్ అన్నారు. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. 2000 అక్టోబర్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ వచ్చింది. దాని సంచార్‌నెట్ అకౌంటు మేము గంటల లెక్కన కొన్నాం.

ఇందులో ఖర్చు రెండు దిక్కులా. అకౌంటులో గంటలు తరిగిపోతాయి, అది ఒకటి. ఫోను బిల్లు వేరే. లోకల్ కాలుకు మూడు నిమిషాలకు ఒక యూనిట్ లెక్క. యూనిట్ రూపాయి అటూ ఇటూ. పది సెకండ్లు కలిసి తెగిపోయినా ఒక యూనిట్ పడుతుంది. లైన్ ఊరికే తెరిచి పెట్టినా మూడు నిమిషాలకు ఒకటి పడతానే ఉంటుంది. ఇంటర్నెట్ నడుస్తా ఉంటే ఆ ఫోనుకు ఇంకెవరూ చెయ్యలేరు కూడా.

ఆఫీసు చూసుకునేదానికి ఒక అబ్బోడిని పెట్టినాం. నాకు వరుసకు అక్క కొడుకు. నన్ను మామా అంటాడు. డిగ్రీ చదివి ఊరికే ఉన్నాడని అక్క వచ్చి అడిగితే నేనే కమిటీకి చెప్పినాను. నెలకు పన్నెండు వందల సంబళం. పొద్దున తొమ్మిదికి తాళం తీసేది, రాత్రి ఎనిమిదికి తాళం వేసేది వాడే. మొదటి కంప్యూటర్ వాడిది. ఎవరికి ఏ ప్రింటు తీసినా, తేదీ, టైము, ఎన్ని కాగితాలు, ఏ కంప్యూటర్ నుంచి, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసేవాడు. కాగితం, ఇంకు ఖర్చు లెక్క చెప్పాలని కోశాధికారి చిన్నాయన పెట్టిన నియమం అది. ఆ పుస్తకమే చివరికి వాణ్ణి కాపాడింది. కానీ ఆలస్యంగా.

అంతకు ముందు ఫోను బిల్లు రెండు నెలలకు ఆరేడు వందలు వచ్చేది. కంప్యూటర్లు పెట్టినాక మొదటి బిల్లు నాలుగు వేలు దాటింది.

కమిటీ కూర్చుంది. చిన్నాయన బిల్లు అందరికీ చూపించినాడు. ఆ కాలంలో లోకల్ కాళ్ళకు బిల్లులో వివరం ఉండదు, మొత్తం యూనిట్లు మాత్రమే. ఏ రోజు, ఏ టైము, ఏ నంబరు, ఏమీ తెలియదు. అబ్బోడిని పిలిచి అడిగినాం. వాడు అన్నాడు, "రోజుకు ఒక తూరి మెయిల్ చూస్తాను మామా. పది నిమిషాలు. అంతే." ఎవరో అన్నారు, "రాత్రి తాళం వేసేది నువ్వే కదా. మేము పోయినాక ఏం చేస్తావో ఎవరు చూసినారు?" ఆ రోజుల్లో పిల్లకాయలు రాత్రంతా చాటింగు చేస్తారని పేపర్లలో వచ్చేది. అది అందరి బుర్రలోనూ ఉంది.

వాడి మొహం ఎర్రగా అయ్యింది. చెయ్యి తెలియకుండానే భుజం మీదికి పోయింది, చొక్కా సర్దుకున్నాడు. నేను ఆ క్షణంలో నోరు జారినాను. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటా ఉన్నాడు చూడండి" అన్నాను. అందరూ నవ్వినారు. మామ అల్లుడిని ఎగతాళి చెయ్యడం మనలో మామూలే. కానీ అది ఎగతాళి కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

వాడు తాళంచెవి బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయినాడు. ఆ నెల సంబళానికి కూడా రాలేదు. మినిట్సు పుస్తకంలో కార్యదర్శి రాసినాడు: ఆఫీసు ఫోనును సొంతానికి వాడినందున పనిలోనుంచి తీసివేయడమైనది. నేను కింద సంతకం పెట్టినాను. పది రోజుల్లో వాడు తిరుప్పూరు పోయి బనియన్ కంపెనీలో చేరినాడని తెలిసింది. తర్వాత ఒక పెండ్లిలో అక్క ఎదురుపడింది. నన్ను చూసి పక్కకు తిరిగి, వేరే పంక్తిలో కూర్చుంది.

రెండో బిల్లు వచ్చింది. మళ్ళీ నాలుగు వేల దగ్గర. "ఇందులో సగం వాడున్న రోజులదే" అన్నాం. మూడో బిల్లు కూడా అంతే వచ్చింది. ఈ తూరి వాడు లేడు. వేరే పిల్లవాడు పగలు మాత్రం వచ్చిపోతా ఉన్నాడు, వాడికి ఇంటర్నెట్ తెరవడమే రాదు. కమిటీలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే ఆఫీసులో ఉన్నాను. సంబంధాల పట్టిక పద్నాలుగు కాగితాలు ప్రింటుకు పెట్టినాను. కాగితాలు వస్తా ఉన్నాయి కదా, ఇంటికి ఫోన్ చేసి భోజనానికి ఆలస్యమవుతుందని చెప్దామని రిసీవర్ ఎత్తినాను. డయల్ టోన్ లేదు. గర్రుమని సొద. వాన కురిసినట్టు.

పెట్టేసినాను. కాసేపు ఆగి మళ్ళీ ఎత్తినాను. అదే సొద. తెర మీద ఇంటర్నెట్ ఏదీ తెరిచి లేదు. గడియారం చూస్తా కూర్చున్నాను. ఇరవై నిమిషాలు దాటినాక టోన్ వచ్చింది. ఒకే ఒక కాగితం మళ్ళీ ప్రింటుకు ఇచ్చినాను. రిసీవర్ ఎత్తినాను. గర్రు.

ఆకలి వేస్తా ఉందని కూడా మరిచిపోయినాను.

మోడెమ్ డయల్ చేసేటప్పుడు గోల చెయ్యాలి కదా, ఎవరికీ ఎందుకు వినబడలేదు అని మీరు అడగొచ్చు. కంప్యూటర్లు పెట్టిన మొదటి వారంలోనే మన అధ్యక్షులవారు ఆ కీచుమనే చప్పుడు తలనొప్పిగా ఉందన్నారు. అమర్చేదానికి వచ్చిన కుర్రవాడు స్పీకర్ సున్నాకు దించేసినాడు. మోడెమ్ పెట్టె లోపల ఉంది కాబట్టి లైటు కూడా కనబడదు. ఉన్న ఒక్క సాక్షి నోరూ మేమే మూసినాం.

మా తమ్ముడి కూతురు అప్పుడు మధురైలో ఇంజనీరింగు చదువుతా ఉండేది. సెలవుకు వచ్చినప్పుడు ఆఫీసుకు తీసుకుపోయినాను. అది అరగంట అక్కడా ఇక్కడా తెరిచి చూసి, "పెదనాయనా, మీ కంప్యూటర్‌కు ప్రింటరు ఎవరో తెలియదు. ప్రతిసారీ ఊరవతలికి ఫోన్ చేసి అడుగుతా ఉంది" అన్నది.

అది చెప్పింది నాకు అర్థమైనంత మీకు చెప్తాను. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది, ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టు. మన ప్రింటరు నంబరు 192.168.0.10. ఇట్లా 192.168 తో మొదలయ్యే నంబర్లు లోపలి వాడకానికే, బయట ప్రపంచంలో వాటికి దారి ఉండదు. మనుషులకు నంబర్లు గుర్తుండవు కాబట్టి పేరు కూడా పెడతారు. అమర్చిన కుర్రవాడు కంప్యూటర్‌లో ప్రింటరును నంబరుతో కాక పేరుతో పెట్టినాడు.

ఇప్పుడు ప్రింటు నొక్కితే విండోస్ 98 ఏం చేస్తుంది? ఈ పేరు ఎవరిది అని వరుసగా వెదుకుతుంది. మొదట తనదేనేమో చూసుకుంటుంది. తర్వాత హోస్ట్స్ అనే ఒక చిన్న ఫైలులో రాసి ఉందా అని చూస్తుంది. లేకపోతే డీఎన్‌ఎస్ అనే సర్వర్‌ను అడుగుతుంది, ఇంటర్నెట్ పేర్లకు నంబర్లు చెప్పే పెద్ద పుస్తకం అనుకోండి. అక్కడా లేకపోతేనే, ఆఖరున, లోపలి తీగ మీద "ఈ పేరుగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని కేక వేస్తుంది. ప్రింటరు "నేనే" అంటుంది. ప్రింటు వస్తుంది.

వరుస చూడండి. పక్క గదిలో ఉన్నవాణ్ణి కేకవేసి పిలిచేదానికి ముందు, బయట ఊరికి ఫోన్ చేసి "మా ఇంట్లో ఫలానావాడు ఉన్నాడా?" అని అడగడం. అక్కడ "మాకు తెలియదు" అంటారు. అప్పుడు పక్క గదిలోకి కేక. ప్రింటు ప్రతిసారీ చక్కగా వచ్చేది కాబట్టి తప్పు ఎక్కడా కనబడలేదు. ప్రింటు రాకపోయి ఉంటే మేము మొదటి రోజే వెదికి ఉండేవాళ్ళం.

ఇక ఆ డీఎన్‌ఎస్ సర్వర్ ఫోను లైన్‌కు అవతల ఉంది. దాన్ని అడగాలంటే డయల్ చెయ్యాలి. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్ అనే చోట మూడు గుండ్రాలు ఉండేవి. ఒకటి, ఎప్పుడూ డయల్ చెయ్యవద్దు. రెండు, నెట్‌వర్క్ లేనప్పుడు డయల్ చెయ్యి. మూడు, ఎప్పుడూ డయల్ చెయ్యి. మా దాంట్లో మూడోది నొక్కి ఉంది. పాస్‌వర్డ్ దాచిపెట్టి ఉంది, అడగకుండా కలుపు అని టిక్కు ఉంది. అంటే మనిషి చెయ్యి లేకుండా మొత్తం నడిచిపోతుంది.

కలిసినాక తెగేది ఎప్పుడు? ఇరవై నిమిషాలు ఎవరూ వాడకపోతే తెంపు అని పెట్టి ఉంది. అంటే ఒక్క కాగితం ప్రింటుకు ఇరవై నిమిషాలకు పైన లైన్. మూడు నిమిషాల లెక్కన ఏడు యూనిట్లు. ఉగాది పిలుపు ఒక ముక్క సరిచూసుకునేదానికి ఏడు రూపాయల చిల్లర! అది చాలక ప్రింటరుతో వచ్చిన సీడీలో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది, కాగితం ఉందా, ఇంకు ఉందా అని మధ్యమధ్యలో ప్రింటరును పేరు పెట్టి పలకరించేది. పలకరించిన ప్రతిసారీ పేరు వెదకడం మళ్ళీ మొదలు. లైన్ తెరిచి ఉంటే ఆ ఇరవై నిమిషాల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. రోజుకు పది తూర్లు డయల్ అయితే డెబ్బై యూనిట్లు. నెలకు ఇరవై అయిదు రోజులు. రెండు నెలలకు మూడున్నర వేలు. చిన్నాయన కాగితం మీద లెక్క వేసి, పెన్ను కింద పెట్టి, చాలాసేపు కిటికీ దిక్కు చూసినాడు.

ఊహ మీద ఒక తూరి తప్పు చేసినాం, రెండో తూరి వద్దు అనుకున్నాం. మా తమ్ముడి కూతురు మోడెమ్‌కు లాగ్ పెట్టింది. అంటే మోడెమ్ ఎప్పుడు డయల్ చేసింది, ఎప్పుడు తెగింది అన్నది టైముతో సహా ఒక ఫైలులో రాసుకుంటుంది. వారం రోజులు ఏమీ మార్చకుండా వదిలేసినాం. ఆదివారం ఆ ఫైలునూ ప్రింట్ల నోటు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాం. మెయిల్ చూసిన టైములు వదిలేస్తే, డయల్ అయిన చాలా చోట్ల ఆ నిమిషంలోనే ఒక ప్రింటు ఉంది. మిగతావి ఆ పలకరింపు సాఫ్ట్‌వేర్ పని. ఇరవై నిమిషాల లోపల రెండో ప్రింటు తీస్తే కొత్త డయల్ లేదు, పాత లైనే సాగింది. రెండో కంప్యూటర్ నుంచి తీసిన ప్రింట్లకు ఒక్క డయల్ కూడా లేదు, దానికి మోడెమ్ లేదు కదా. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పుస్తకం వెనక్కి తిప్పితే అబ్బోడి చేతిరాత. మొదటి బిల్లు రెండు నెలలూ ఉంది. ఉగాది పిలుపుల వారం అయితే రోజుకు ఇరవై ప్రింట్లు. అన్నీ మేము చెప్పిన పనులే. అందులో నా పేరు మీద రాసినవి నేనే లెక్కపెట్టినాను. అందరికంటే నావే ఎక్కువ.

సరిచేసిన తీరు కూడా చెప్తాను. ప్రింటరును పేరుతో కాక నంబరుతో పెట్టినాం. హోస్ట్స్ ఫైలులో ఆ నంబరు, పక్కన ఆ పేరు, ఒక వరుస రాసినాం. నోట్‌ప్యాడ్‌లో దాచితే అది ఫైలు పేరుకు తోక తగిలిస్తుంది, అప్పుడు విండోస్ దాన్ని పట్టించుకోదు. ఆ తోక తీసెయ్యాలి. మూడు గుండ్రాల్లో మొదటిది, ఎప్పుడూ డయల్ చెయ్యవద్దు అన్నది నొక్కినాం. మెయిల్ కావాలంటే మనిషే కలుపుకోవాలి. దాచిన పాస్‌వర్డ్ తీసేసినాం. ఇరవై నిమిషాలు అయిదు చేసినాం. ఆ పలకరించే సాఫ్ట్‌వేర్ ఆపేసినాం. ఫైళ్ళూ ప్రింటరూ పంచుకునే సౌకర్యాన్ని డయల్-అప్ దిక్కున తీసేసినాం. అది ఖర్చుకు కాదు, లైన్ తెరిచినప్పుడు బయటివాళ్ళు మన ఫైళ్ళలోకి తొంగిచూడకుండా. చివరగా మోడెమ్ స్పీకర్ మళ్ళీ పైకి పెట్టినాం. అధ్యక్షులవారు ఈ తూరి ఏమీ అనలేదు.

తర్వాతి బిల్లు ఎనిమిది వందల లోపల వచ్చింది.

ఇది మనకొక్కరికే వచ్చిన తంటా కాదని తర్వాత తెలుసుకున్నాను. యూరప్‌లో ఐఎస్‌డీఎన్ లైన్లు పెట్టుకున్న ఆఫీసుల్లో, పనిబడితే తానే డయల్ చేసే రౌటర్లు ఉండేవి. విండోస్ కంప్యూటర్లు ఒకరి పేరు ఒకరు వెదుక్కునే చిన్న చిన్న ప్రశ్నలు ఆ రౌటర్లకు పనిగానే కనబడేవి. రాత్రి మనిషి లేని ఆఫీసులో కూడా లైన్ తెరుచుకునేది. ఆ ప్రశ్నలు బయటికి పోకుండా రౌటర్‌లో అడ్డం పెట్టడం ఆ కాలపు కంప్యూటర్ పనివాళ్ళకు మొదటి పాఠాల్లో ఒకటి. మన దేశంలో 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండు వచ్చినాక మెల్లగా ఈ గొడవ తగ్గింది. అమెరికాలో ఏఓఎల్ కంపెనీ తన డయల్-అప్‌ను 2025 సెప్టెంబర్ 30న ఆపేసింది. ఆ వార్త ఫోనులో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఆదివారం రిసీవర్‌లో విన్న గర్రుమనే సొద.

ఇక అబ్బోడి సంగతి. చిన్నాయన, నేను తిరుప్పూరు పోయినాం. వాడి సంబళం పన్నెండు వందలు కవరులో పెట్టుకుని. కంపెనీ గేటు ఎదురుగా టీ అంగడిలో కూర్చున్నాం. జరిగింది మొత్తం చెప్పినాను. తప్పు నాది అన్నాను. వాడు టీ తాగుతా విన్నాడు. కోపం లేదు. కంప్యూటర్ సంగతి మాత్రం రెండు తూర్లు అడిగినాడు, ఆ వరుస ఎట్లా, డీఎన్‌ఎస్ ముందా కేక ముందా అని. తర్వాత అన్నాడు, "బిల్లు పోనీ మామా. ఆ రోజు మీరు అన్న మాటకు అందరూ నవ్వినారు కదా. అది."

నేను తల వంచుకున్నాను. వాడే మళ్ళీ అడిగినాడు. "మినిట్సులో రాసినారంట కదా?"

రాసినామని చెప్పినాను.

"అయితే అది కూడా మినిట్సులోనే రాయండి. మా అమ్మకు జెరాక్స్ ఒకటి ఇవ్వండి."

వచ్చే కమిటీలో తీర్మానం రాసినాం. ఫలానా తేదీన రాసిన మాట తప్పు, బిల్లు పెరిగింది ఆఫీసు కంప్యూటర్ అమరిక వల్ల, ఆ పనివాడి తప్పు ఏమీ లేదు అని. చదివి వినిపించింది నేనే. ఆ రోజు నవ్వినవాళ్ళలో ముగ్గురు రాలేదు. జెరాక్స్ తీసుకుని నేనే అక్క ఇంటికి పోయినాను. అక్క చదవలేదు, మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. నాకు మజ్జిగ ఇచ్చింది. వాడు మాత్రం తిరిగి రాలేదు. తిరుప్పూరులోనే ఉండిపోయినాడు. ఇప్పుడు వాడికి పెండ్లికి ఎదిగిన కూతురు. మన పట్టికలో పేరు ఉంది.

ఇప్పుడు ఆఫీసు పిల్ల సంగతికి వస్తాను.

ఆ డేటా ఎవరు తాగుతా ఉన్నారో నాకు తెలియదు. పిల్లే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. కానీ అడిగేదానికి ముందు చూడండి. ఇప్పటి కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర డేటా యూసేజ్ అని ఉంటుంది, ముప్పై రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో అదే చూపిస్తుంది. ఫోనులో కూడా ఉంటుంది. హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ పెట్టినప్పుడు, ఆ కనెక్షన్‌ను మీటర్డ్ అని గుర్తు పెట్టకపోతే విండోస్ అప్‌డేట్లు ఇంటి వైఫై అనుకుని దిగుతాయి. సభల ఫోటోలు అదే ఫోనులో తీస్తాం, అవి వాటంతట అవే పైకి ఎక్కుతా ఉండొచ్చు. కొత్త ప్రింటరు కూడా చూడండి. కొన్నిటిలో ప్రింటు నొక్కితే పక్కనున్న ప్రింటరుకు నేరుగా పోకుండా, ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వర్‌కు పోయి మళ్ళీ తిరిగి వచ్చే పద్ధతి ఉంది. పాత కథే, కొత్త చొక్కా.

మంగళవారం పొద్దున పదికి నేను ఆఫీసుకు వస్తాను. మా తమ్ముడి కూతురు ఇప్పుడు బెంగళూరులో ఉంది, వీడియో కాల్‌లో చూస్తానంది. కోశాధికారి వస్తే మేలు. ఆ పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూద్దాం, వెనకాల కాదు. ఏం తేలిందో ఇదే గ్రూపులో రాస్తాను. తప్పు ఆ పిల్లదే అయినా రాస్తాను, నాదే అయినా రాస్తాను.

అంతవరకు ఆ బొటనవేళ్ళు పెట్టిన నలుగురూ వాటిని తీసేస్తే బాగుంటుంది. ఆ పిల్ల కూడా ఈ గ్రూపులో ఉంది. చూసే ఉంటుంది.